ఆషాఢం కిరాయి

జూన్ 18, బుధవారం

పైపోర్షన్‌కు రంగు వేయడం ఇవాళ పూర్తయింది. ఆకుపచ్చ. పక్కనే ఉన్న శోభ ఇంటిది వెలిసిపోయిన పసుపు. రంగులాయన "అవ్వా, గీ రంగు విమానంలకెల్లి సూసినా కనవడ్తది" అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు. అయినా నిచ్చెన దిగేటప్పుడు ఆయనకు ఇంకో గ్లాసు చాయ్ పోశాను.

ఈ నోట్‌బుక్ నా మనవరాలు అఖిల ఇచ్చింది. "నానమ్మా, గుండె దడ వచ్చినప్పుడల్ల రాయి, తగ్గుతది" అన్నది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. ఒత్తులు తప్పితే తప్పుతాయి. చదివేవాళ్లు ఎవరున్నారు?

దడ ఎందుకంటే పైపోర్షన్ ఖాళీగా ఉంది కాబట్టి. రంగు ఆరితే ఎవరైనా వస్తారు.

జూన్ 20, శుక్రవారం

శోభ ఇంట్లో మూడు పోర్షన్లు. మూడూ నిండే ఉంటాయి. ఒకరు ఖాళీ చేసిన వారంలోపు ఇంకొకరు దిగుతారు. అసలు కిరాయిల సంగతి దానికి నేర్పింది ఎవరు? నా మరిది పాండు పెళ్లాం అది. నాకు యారాలు. నా కంటే పద్దెనిమిదేళ్లు చిన్నది. ఎయిర్‌పోర్టు వచ్చి పొలాలు పోయినప్పుడు, "ఒక రేకుల గదన్న ఏసుకోవే, ఎవరన్న ఉంటరు" అని చెప్పింది నేను. అది వేసుకుంది. నేను వేసుకోలేదు. నాకు భయం. పరాయి మనుషులు, ఎవరు ఎట్లాంటివాళ్లో అని పదేళ్లు భయపడ్డాను.

ఇప్పుడు దాన్ని గల్లీ అంతా ఓనరమ్మ అంటారు. కిరాయిదారులు అమ్మా అంటారు. పిల్లలు లేనిదానికి ఇంటినిండా అమ్మా అనేవాళ్లే.

జూన్ 22, ఆదివారం

రాఘవేందర్ ఆరాంఘర్ నుంచి వచ్చాడు. నా కొడుకే అయినా గేటు దగ్గర నుంచే మాట మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎవరన్న వచ్చిన్రా?"

"ఇద్దరొచ్చి సూసిపోయిన్రు బిడ్డా. ఆషాఢం వస్తున్నది గదా, ఎవరు దిగరు. శ్రావణంల సూద్దమన్నరు."

"పైపోర్షన్ కట్టిన లోను నెత్తి మీదున్నది. నేను చెప్పేది విను. శ్రావణం మొదటి శుక్రవారం వరకు సూస్త. ఎవరన్న దిగితె సరే. లేకుంటె కింద మీద కలిపి ట్రావెల్స్ వాళ్లకిచ్చేస్త. డ్రైవర్లు పండుకునేటందుకు ఇల్లు మొత్తం అడుగుతున్నరు."

"మరి నేను?"

"మా దగ్గరికి రా. హాల్ల దివాన్ ఉన్నది గదా."

కంటి ఆపరేషన్ అప్పుడు ఆ దివాన్ మీద నలభై రోజులు పడుకున్నాను. నాలుగో అంతస్తు. కోడలు మంజుల మంచిదే, ఏమీ అనదు. అసలు ఏమీ అనదు. కిటికీలోంచి చూస్తే బస్సుల నెత్తులు కనిపిస్తాయి. అక్కడికి పోతే నాకు ఊళ్లో సంగతి ఏం తెలుస్తుంది? శోభ ఇంటికి ఎవరొచ్చారో, ఎవరు పోయారో ఎట్లా తెలుస్తుంది?

జూన్ 24, మంగళవారం

శోభ ఏం చేసిందో ఇవాళ తెలిసింది. దాని వెనక పోర్షన్ పోయిన వారమే ఖాళీ అయింది. కొత్త జంట ఒకటి వచ్చి చూసి, సామాన్లు ఇంకో ఇరవై రోజులకు వస్తాయి, అప్పటికి ఆషాఢం పడుతుంది అన్నారట. "సామాన్లు ఎప్పుడన్న తెచ్చుకోండ్రి. పాలు మాత్రం గీ జ్యేష్టంల పొంగియ్యిండ్రి" అన్నదట శోభ. తన గిన్నె తనే ఇచ్చి, తన స్టవ్వు తనే మోసి, పాలు పొంగించిందట. పాలు పొంగినయంటే ఇల్లు దిగినట్టే. ఇగ ఆషాఢం వచ్చినా ఏం వచ్చినా భయం లేదు.

నా దగ్గరికి వచ్చిన ఇద్దరికీ ఈ మాట నేనెందుకు చెప్పలేకపోయాను? నాకు తోచలేదు. దానికి తోచింది.

జూన్ 26, గురువారం

ఆషాఢం పడింది. ఎవరూ రాలేదు.

జూన్ 28, శనివారం

వచ్చారు!

పొద్దున తులసి దగ్గర ఉన్నాను. గేటు బయట ఒకావిడ నిలబడి ఉంది. శోభ ముందు పోర్షన్‌లో ఉండే జ్ఞానప్రసూనాంబ. ఏలూరు వైపు వాళ్లు. మాటకు ముందు "అండీ", మాట వెనక "అండీ". ఆమె కొడుకు లలిత్‌కు ఎయిర్‌పోర్టులో కార్గో దగ్గర ఉద్యోగం. మొన్న వైశాఖంలో పెళ్లయింది. కోడలు రేవతి కూడా ఎయిర్‌పోర్టులోనే, టికెట్లు చూసి సామాన్లు పంపే కౌంటర్ దగ్గర.

"ఈరమ్మగారూ, ఒక నెల రోజులు మా కోడలికి మీ పైన గది ఇస్తారాండీ?"

"ఏమైందమ్మా? కొట్లాటా?"

"అయ్యో, కాదండీ! ఆషాఢం కదా. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. పుట్టింటికి పంపుదామంటే ఈ అమ్మాయికి సెలవివ్వరట. ఆరు నెలలైతే గానీ ఉద్యోగం ఖాయం కాదట. పోనీ నేనే ఏలూరు వెళదామంటే, వీడికి రాత్రి డ్యూటీలు, అన్నం ఎవరు వండి పెడతారు?"

మాలోనూ ఆ పట్టింపు ఉంది. కొత్త కోడలు ఆషాఢంలో తల్లిగారింటికి పోతుంది. నేనూ మంఖాల్ పోయాను ఆ రోజుల్లో. కానీ ఉద్యోగం చేసే కోడలు ఎక్కడికి పోవాలో మా పెద్దవాళ్లు చెప్పలేదు.

"ఆషాఢంల ఇల్లు మారుతరా అమ్మా?"

"మారడం కాదండీ, ఉండటం అంతే. పాలు పొంగించం. ఒక్క సూట్‌కేసుతో వస్తుంది."

సరే అన్నాను. వెంటనే అనకూడదని కాసేపు ఆలోచించినట్టు నిలబడి అన్నాను. మధ్యాహ్నానికి శోభ కిరాయిదారు నా మెట్లెక్కింది.

జూలై 1, మంగళవారం

రేవతి బంగారం లాంటి పిల్ల. నన్ను అమ్మమ్మగారూ అంటుంది. పొద్దున డ్యూటీకి కారు వస్తుంది, నేనే గేటు తీస్తాను. తిరిగి వచ్చాక మెట్ల మీద నా పక్కన కూర్చొని చెప్పులు విప్పుకుంటుంది. పొద్దంతా నిలబడే ఉంటుందట. సూట్‌కేసులు బరువు చూడటం, పైకెత్తించడం. ఒకాయన బూరెల డబ్బా ఒక్కటే పదిహేను కిలోలు తెచ్చాడని చెప్పి నవ్వింది.

గ్యాసు బండ తెచ్చినాయన "ఓనరమ్మా, సంతకం" అన్నాడు.

గోడ అవతల శోభ బట్టలు ఆరేస్తోంది. ఆయన ఇంకొంచెం గట్టిగా అంటే బాగుండేది.

ఈ నెల గడవనీ. ఒక్క పిల్లను చూసి రాఘవ ఒప్పుకోడు. కుటుంబం కావాలి. రేవతికి గది నచ్చింది. అత్తకు కూడా నచ్చితే, శ్రావణం రాగానే అందరూ ఇటే వస్తే? నేను ఆరాంఘర్ పోనక్కరలేదు.

జూలై 3, గురువారం

శోభ గోడ మీద నుంచి తల పెట్టింది.

"అక్కా, పోరి మంచిగున్నదా?"

"మంచిగుండకేం?"

"ఏం లేదు, నేనే చెప్పిన ప్రసూనమ్మకు. ఆమె హాస్టల్ల ఏద్దమని సూస్తుండె. హాస్టల్ ఎందుకమ్మా, మా అక్క పైపోర్షన్ ఖాళీగనే ఉన్నది పాపం, ఆడ ఉంచుండ్రి అన్న."

నేను చెంబు తీసుకొని లోపలికి వచ్చేశాను.

జూలై 4, శుక్రవారం

పాపం అట.

జూలై 5, శనివారం

మనసు కుదురుగా లేదు. బీపీ గోళీ రెండుసార్లు వేసుకున్నానేమో, గుర్తు లేదు. నాకు కిరాయిదారు తనంతట తాను రాలేదు. అది పంపితే వచ్చింది. తిన్నాక మిగిలిన కూర పక్కింటికి పంపినట్టు పంపింది. మళ్లీ నా ముందుకొచ్చి చెప్పింది.

నాకు ఎవరూ చేయి పట్టి ఇవ్వనక్కరలేదు. నాకు కొడుకు ఉన్నాడు. మనవరాలు ఉంది.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. పేలాల పిండి కొట్టాను. ప్రసూనమ్మకు ఇద్దామని పోతే ఆమే గల్లీలో ఎదురొచ్చింది. నా గడప ఎక్కకూడదు కదా, అందుకని వేపచెట్టు నీడన నిలబడే మాట్లాడుకున్నాం. మీ ఇల్లు గాలీ వెలుతురూ బాగుందని మా రేవతి చెప్పిందండీ అన్నది. మనవడు ఎప్పుడు పుడతాడో అని ఉందండీ అన్నది. అప్పుడు నేను ఒక మాట అన్నాను.

అన్నదంతా రాయనక్కరలేదు. ఉన్నమాటే అన్నాను. ఉన్నమాట అంటే తప్పేముంది?

ఆమె పిండి పొట్లం చేతిలో పట్టుకొని చాలాసేపు శోభ ఇంటి వైపు చూసింది. తరువాత "శ్రావణంలో మీ ఇంటికే మారిపోతామండీ, ఇంకెవరికీ మాటివ్వకండి" అన్నది.

జూలై 7, సోమవారం

రాఘవకు ఫోన్ చేసి చెప్పాను. "పక్కానా?" అన్నాడు. పక్కా అన్నాను. ట్రావెల్స్ వాళ్లను ఆగమంటా అన్నాడు.

చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

జూలై 9, బుధవారం

పొద్దున పైనుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు. మెట్లు ఎక్కడం నా మోకాళ్లకు కష్టం, అయినా కూర్చుంటూ కూర్చుంటూ ఎక్కాను. రేవతి బాత్‌రూం గుమ్మం పట్టుకొని ఉంది. మొహం చూస్తే అడగనక్కరలేదు.

"ఎన్ని రోజులాయె బిడ్డా?"

"రెండో నెల అమ్మమ్మగారూ. ఎవరికీ చెప్పకండి. మా అత్తయ్యగారికి తెలిస్తే ఉద్యోగం మానేయమంటారు. సెప్టెంబరులో ఖాయమవుతుంది. అప్పటిదాకా."

"మీ ఆయనకు?"

"ఆయనకు తెలుసు. ఆయన కూడా భయపడుతున్నారు."

చెప్పనని ఒట్టు పెట్టాను. మోకాళ్లు పట్టుకొని కిందికి దిగాను.

రెండో నెల. అంటే ఇక్కడికి రాకముందే. శోభ ఇంట్లో ఉన్నప్పుడే.

చెప్పకపోవడమే మంచిది. పిల్ల అడిగింది కదా, ఆడపిల్ల మాట నిలబెట్టాలి. అందుకే చెప్పను. ఇంకెందుకూ కాదు.

జూలై 11, శుక్రవారం

శోభ వెనక పోర్షన్ జంట శ్రావణంలో ఖాళీ చేస్తామన్నారట. పాలు పొంగించి నెల కూడా కాలేదు. పాండు ఆటో తుడుస్తూ చెప్పాడు.

"ఏమో వదినా, ఎవరేం చెప్పిన్రో. ఆ పిల్లకు ఇల్లు అచ్చిరాదని ఎవరో అన్నరంట. శోభ అన్నం తింటలేదు."

ప్రసూనమ్మ వాళ్లకు చెప్పి ఉంటుంది. నేను ప్రసూనమ్మ ఒక్కదానికే చెప్పాను. ఆమె ఎందుకు ఊరంతా చెప్పాలి?

జూలై 12, శనివారం

నిద్ర పట్టదు. రాస్తే దడ తగ్గుతుందని అఖిల అన్నది కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు వేపచెట్టు కింద నేను అన్నది ఇది: "ఆ ఇంట్ల కడుపు పండదమ్మా. కిరాయికి ఉన్నోళ్లకెవ్వరికి ఆడ పిల్లలు పుట్టలే. ఎవరో ఎందుకు, ఇంటామెకే పుట్టలే, ఇరవై ఆరేండ్లాయె."

కిరాయికి ఉన్నవాళ్లలో చాలామంది పెళ్లికాని పిల్లలు. ఒకరు అరవై దాటిన మాస్టారు, మూడో పోర్షన్‌లో ఇప్పటికీ ఉన్నాడు. పుట్టలేదన్నది అబద్ధం కాదు.

శోభకు మూడుసార్లు కడుపు పోయింది. మూడుసార్లూ నేనే పక్కన ఉన్నాను. మూడోసారి దవాఖానలో దాని తల నా ఒళ్లోనే ఉంది. ఆ సంగతి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జూలై 15, మంగళవారం

ఇప్పుడే ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం రెండు గంటలకు రేవతి డ్యూటీ నుంచి వచ్చింది. గేటు దగ్గరే గోడ పట్టుకుంది. మెట్లెక్కొద్దన్నాను, నా గదిలోకే తెచ్చి చాప మీద పడుకోబెట్టాను. కడుపులో మెలిపెడుతోంది అన్నది. చూస్తే రక్తం.

లలిత్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నాడు. కుంటుకుంటూ పోయి గేటులోంచి ప్రసూనమ్మను పిలిచాను. ఆమె కొడుకును లేపాలని కూడా తోచక, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. నా గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"రాండమ్మా లోపలికి!"

"ఆషాఢమండీ... నేను దాటితే దానికేమన్నా అవుతుందేమో..." చౌకట్టు రెండు చేతులా పట్టుకొని, కాలు ఎత్తదు, దించదు. లోపల పిల్ల అత్తయ్యా అని ఏడుస్తోంది. ఈమె గడప అవతల నిలబడి తనూ ఏడుస్తోంది.

ఆషాఢం సంగతి నాకూ పట్టింపే. ఆమెను లాగడానికి నాకూ చేతులు రాలేదు. అప్పుడు గోడ దగ్గరికి పోయి అరిచాను. "శోభా!" అని. మాట్లాడి పన్నెండు రోజులైంది.

శోభ పిండి చేతులతోనే వచ్చింది. గడప దగ్గర ప్రసూనమ్మను చూసి, "జర జరుగుండ్రి" అని పక్కకు నెట్టి లోపలికి పోయింది. రేవతి చీర చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది. అంతే. తరువాత దాని చేతులు ఆగలేదు. కాళ్ల కింద దిండు పెట్టింది. నీళ్లు తాగించింది. "ఏం కాదు తల్లీ, నా మొకం సూడు, తలుపు దిక్కు సూడకు" అన్నది. పాండు ఆటో తెచ్చాడు. శోభ, నేను రేవతిని చెరో పక్క పట్టుకొని ఎక్కించాం. ప్రసూనమ్మ ముందు పాండు పక్కన ఒరిగి కూర్చుంది. ఆటోకు గడప లేదు.

దవాఖానలో డాక్టరమ్మ స్కానింగు చేసి, బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నది. మంచం దిగొద్దు, బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు అన్నది. అప్పుడు బయటపడింది రెండో నెల సంగతి. ప్రసూనమ్మ దేవుడికి దండం పెట్టింది. తరువాత అందరి ముందే అన్నది.

"ఆ ఇంట్లో ఉంటే ఇది కూడా పోయేదండీ. ఈ పెద్దావిడ ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాం. ఆ ఇంట్లో కడుపు పండదు, ఇంటావిడకే పండలేదు అన్నారు. మీ ఇంట్లో ఉంది కాబట్టి నిలబడింది."

శోభ బల్ల మీద కూర్చొని ఉంది. దాని చేతులకు ఇంకా పిండి ఉంది. నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

లేదమ్మా, ఆ పిల్లకు నెల తప్పింది శోభ ఇంట్లోనే అని అప్పుడు చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది.

చెప్పలేదు.

జూలై 17, గురువారం

శోభ గోడ వైపు రావడం లేదు. బట్టలు వెనకవైపు ఆరేస్తోంది.

జూలై 19, శనివారం

లలిత్ వచ్చాడు. నెమ్మదైన పిల్లాడు, కాళ్లకు దండం పెట్టాడు. వెనక ప్రసూనమ్మ గేటు బయటే నిలబడి మాట్లాడింది.

"ఈరమ్మగారూ, మాట మీద ఉంటాం. తొలి శుక్రవారం దిగిపోతాం. కానీ మెట్లెక్కొద్దన్నారు కదండీ, మాకు కింద ఇల్లు కావాలి."

"కింద నేనుంటున్న గదమ్మా."

"పైన కూడా మేమే తీసుకుంటాం. వీడికి పగలు నిద్రపోవడానికి. రేపు వియ్యపురాలు వచ్చినా చోటుండాలి. మొత్తం ఇల్లు మాకే ఇచ్చేయండి."

నేను పైన ఉంటాననడానికి మోకాళ్లు ఒప్పవు. మొన్న ఎక్కినప్పటి నొప్పే ఇంకా పోలేదు.

లోపల రేవతి నా మంచం మీదే పడుకొని ఉంది. "అమ్మమ్మగారు ఎక్కడికి పోతారు అత్తయ్యా?" అన్నది. సామాన్లు సర్దుకోవాలండీ అంటూ ప్రసూనమ్మ వెళ్లిపోయింది.

జూలై 20, ఆదివారం

రాఘవ సంతోషపడ్డాడు.

"మంచిగాయె గదనే అమ్మా! ఒక్కటే ఫ్యామిలీ, ఇల్లు మొత్తం. డ్రైవర్ల లొల్లి లేదు. నువ్వు ఆరాంఘర్ రా ఇగ."

"పోనంటే?"

"పోకుంటె ఏడుంటవ్? రోడ్డు మీదనా?"

ట్రావెల్స్ వాళ్లకిచ్చినా నేను పోవాలి. కుటుంబాన్ని తెచ్చినా నేను పోవాలి. శోభ నోటి దగ్గర కూడు లాగి తెచ్చుకున్న కుటుంబం నన్నే బయటికి పంపుతోంది. వద్దంటే ఆ పిల్ల మంచం ఎత్తి ఎక్కడ పెడతారు? వద్దనలేను.

మంజుల ఫోన్‌లో "దివాన్ మీద కొత్త దుప్పటి ఏసిన అత్తమ్మా" అన్నది.

జూలై 21, సోమవారం

తెల్లవారి నుంచి రెండు మూటలు కట్టాను. విప్పాను.

జూలై 22, మంగళవారం

శోభ ఇంటికి పోయాను. దాని ముందు పోర్షన్‌లో ప్రసూనమ్మ సామాన్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. శోభ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"ముందు పోర్షన్ ఖాళీ అయితున్నది గదా."

"అవు."

"వెనక పోర్షన్ గూడ అయితదంట."

"అవు."

"ఎవరన్న అడిగిన్రా?"

"ఎవరడుగుతరక్కా? పేరు మంచిగ చేసి పెట్టినవు గదా."

గింజలు గిన్నెలో పడుతున్నాయి. ఒక్కొక్కటీ వినిపిస్తోంది.

"ముందు పోర్షన్ నాకియ్యి శోభా. కిరాయికి."

అప్పుడు తలెత్తింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నవ్వుతుందో, తిడుతుందో, చీపురు తీస్తుందో తెలియలేదు.

"పిల్లలు పుట్టని ఇల్లక్కా అది," అన్నది. "నీకేం పరవాలేదులే, గీ వయసుల."

పాండు లోపల దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికో, నన్ను కాపాడటానికో తెలియదు. నేను తల దించుకున్నాను. నన్ను అది ఇంకా చాలా అనవచ్చు. అననీ అని కూర్చున్నాను. అనలేదు.

"ఒకటో తారీఖు కిరాయి. మోటరు పొద్దున ఆరింటికి ఏస్త, మల్ల ఏయ్య. గోడలకు మేకులు కొట్టొద్దు. దేవుని పటం గూడ మేకు లేకుండనే పెట్టుకో."

"సరే."

"వేరేటోళ్ల సంగతులు నా వాకిట్ల మాట్లాడొద్దు."

"సరే."

జూలై 25, శుక్రవారం

శ్రావణం.

పొద్దున ఏడింటికి ప్రసూనమ్మ నా ఇంట్లో పాలు పొంగించింది. ఎనిమిదింటికి నేను శోభ ఇంట్లో పాలు పొంగించాను. ఎనిమిదిన్నరకు దుర్ముహూర్తం పడుతుందని తొందర తొందరగా పెట్టాను, మంట ఎక్కువై అడుగంటింది. శోభ గిన్నె ఇవ్వలేదు. నా గిన్నే తెచ్చుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి మాత్రం చూసింది.

"తూర్పుకే పొంగినయి," అని వెళ్లిపోయింది.

రాఘవ మొహం ముడుచుకొని మంచం దించాడు. "సొంతిల్లు కిరాయికిచ్చి కిరాయింట్ల దిగుడు నీకే చెల్లింది. నలుగురు నన్నేమంటరు?" అన్నాడు. దివాన్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

జూలై 29, మంగళవారం

గోడకు ఇటువైపు నుంచి నా ఇల్లు వేరేగా ఉంది. రేవతి కిటికీ దగ్గర మంచం వేశారు. చేయి ఊపుతుంది. నేనూ ఊపుతాను. ఆఫీసు వాళ్లు రెండు నెలలు సెలవిచ్చారట, ఉద్యోగం పోలేదు. ప్రసూనమ్మ నా తులసికి నీళ్లు ఎక్కువ పోస్తోంది.

శోభ ఆరు గంటలకు మోటరు వేస్తుంది. నేను బకెట్లు నింపుకుంటాను. మాటలు లేవు. వెనక పోర్షన్ ఖాళీగా, తలుపు తీసే ఉంది. బోర్డు కట్టి నాలుగు రోజులైంది. ఇద్దరు వచ్చి గల్లీ మొదట్లో ఎవరినో అడిగి, అట్నుంచి అటే పోయారు. ఆ బోర్డు చూస్తే నాకు సంతోషం కావాలి. ఈ నోట్‌బుక్కులో అబద్ధం రాసి ఏం లాభం, మొదట కొంచెం అయింది కూడా. తరువాత పాండు కంచం ముందు కూర్చొని "తినవే, ఇంతన్న తిను" అని బతిమాలుతుంటే గోడలోంచి వినిపించింది.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున ఒక జంట వచ్చింది. ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో పని అట. శోభ వెనక పోర్షన్ చూపించింది. అతను కుళాయిలు తిప్పి చూస్తున్నాడు. ఆ అమ్మాయి మెల్లగా నా దగ్గరికి వచ్చింది. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను.

"అవ్వా, మీరు గూడ ఈడ కిరాయికే గదా?"

"అవు బిడ్డా."

"ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. గీ ఇంట్ల కడుపు పండదని బయట అంటున్నరు. నిజమేనా?"

శోభ నాలుగడుగుల దూరంలో పైపు పట్టుకొని మొక్కలకు నీళ్లు పెడుతోంది. వినపడింది. దాని వీపు చూస్తే తెలుస్తుంది. తిరగలేదు. నీళ్లు ఒక్క మొక్కకే పోతున్నాయి.

అబద్ధం, ఎవరో గిట్టనివాళ్లు అన్నారు అనేస్తే సరిపోతుంది. చాటలో బియ్యం అటూ ఇటూ ఆడించాను.

"అన్నది నేనే," అన్నాను.

"ఆఁ?"

"నేనే అన్న బిడ్డా. కండ్లమంటతోని అన్న. నా ఇల్లు ఖాళీగ ఉండె, దీని ఇల్లు నిండి ఉండె. ఓర్వలేక అన్న. నేనిప్పుడుంటున్న గీ గదిలనే ఒక పిల్లకు నెల తప్పింది. గా గోడ అవతలింట్ల ఉన్నది, పోయి అడుగు. ఆ ఇల్లు నాదే."

ఆ అమ్మాయి నన్ను చూసింది, గోడ అవతల ఇంటిని చూసింది. వాళ్లాయన కుళాయి కట్టేసి వచ్చాడు. ఇద్దరూ పక్కకు పోయి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నాకు గుండె దడ. వాళ్లు గేటు దాటి పోతే శోభ ఇంకేం చేస్తుందో అని కాదు. పోతే నేనిప్పుడు ఏం చేయాలి అని. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏముంది?

అతను శోభ దగ్గరికి పోయి, "పాలు పొంగియ్యాలంటే ఎప్పుడు మంచిదమ్మా?" అని అడిగాడు. అమ్మా అన్నాడు.

శోభ పైపు కింద పడేసి లోపలికి పోయింది. క్యాలెండర్ తేవడానికనుకుంటా. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కొని ఉంది. నా ముందు నుంచే పోయింది. ఆగింది.

"అక్కా, గా పైపు బందు చెయ్యరాదు, నీళ్లన్ని పోతున్నయి," అన్నది.

లేచి పోయి బందు చేశాను.

బుధవారం దిగుతారట. నా కడుపులో మంట పోయిందని రాయను. అతను అమ్మా అన్నప్పుడు మళ్లీ రగిలింది. కానీ ఉన్నమాట ఇది. శోభ ఇంట్లో మూడు పోర్షన్లు. మూడూ నిండాయి. అందులో ఒకటి నాతో నిండింది.